సూదికి జ్ఞానతండ్రి

ఒబ్దూలియా హెరోనిమోకి కోపం వస్తే అరవదు. అరిచే కోపం నాకు బాగా తెలుసు. నాదీ అదే రకం, పావుగంటలో చప్పబడిపోతుంది. ఆవిడది నివురుగప్పిన నిప్పు. మూడేళ్లు కడుపులో దాచుకుంది. ఆ మూడేళ్లూ ఆ మనిషి వీధిలో ఎదురుపడ్డప్పుడల్లా "బాగున్నారా దోన్ ఎర్మీలో?" అని నవ్వుతూ పలకరించింది. చివరికి ఊరంతా కుర్చీలేసుకుని కూర్చున్న చోట తీర్చుకుంది. ఆ రోజు మైకు నా చేతిలో ఉంది కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకే ఉందనుకుంటాను.

నన్ను ఊళ్లో బోసీనా అంటారు, లౌడ్‌స్పీకర్ అని దానర్థం. నాకు పెట్టిన అసలు పేరు మా అమ్మ పోయాక ఎవరూ పలకలేదు. బాప్తిస్మాలకీ, పెళ్లిళ్లకీ, ఆడపిల్లల పదిహేనేళ్ల పండగలకీ మైకు పట్టుకుని పేర్లు చదివేది నేనే. మెక్సికోలో మా తబాస్కో వైపు ఏ ఇంటివాళ్లూ పండగ ఒక్కళ్లే చెయ్యలేరు. అందుకని ఒక్కో ఖర్చుకీ ఒక్కో జ్ఞానతండ్రినో జ్ఞానతల్లినో పెట్టుకుంటారు. గౌనుకి ఒకరు, కేకుకి ఒకరు, కిరీటానికి ఒకరు, బాజాలకి ఒకరు. నేను పేరు పిలిస్తే ఆ మనిషి లేచి ముందుకొచ్చి, తెచ్చింది పిల్ల చేతికిచ్చి, కౌగిలించుకుని, ఫొటో దిగి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లాలి. పిలిచాక రానన్నవాడు ఇంతవరకూ మా ఊళ్లో పుట్టలేదు.

ఒబ్దూలియాకి పెళ్లయిన మరుసటేడే మొగుడు పోయాడు. అప్పటికి కూతురు దెయనీరా కడుపులో ఉంది. ఆవిడకి వచ్చిన పని ఒక్కటే. మొక్కజొన్న ఉడకబెట్టి, కోకో గింజలు వేయించి, రెండూ కలిపి రుబ్బి, ఆ ముద్దని చల్లటి నీళ్లలో చేత్తో కలిపి పొసోల్ చెయ్యడం. అంబలిలా చిక్కగా, చేదుగా, చల్లగా ఉంటుంది. ఒక్క సొరబుర్ర నిండా తాగితే మధ్యాహ్నం దాకా ఆకలీ దాహమూ గుర్తుకు రావు. స్కూలు గేటు దగ్గర బకెట్టు పెట్టుకుని కూర్చునేది. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఇనుప ఊచల్లోంచి పిల్లల చేతులు బయటికొచ్చేవి. "నాకు ముందు దోన్యా ఒబ్దూ, నాకు ముందు!" అని ఒకటే గోల. ఆ చేతుల్లో మూడోవంతు డబ్బులు లేని చేతులే, వాటికీ పోసేది.

అప్పుడొచ్చాడు ఎర్మీలో రామోన్. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కూల్‌డ్రింకుల డిపో ఆయనదే. స్కూల్లో కొట్టు పెట్టుకునే కాంట్రాక్టు సంపాదించాడు. ఆయన కొట్టు తెరిచిన వారంలోనే హెడ్మాస్టరు గేటు దగ్గరికొచ్చి ఒబ్దూలియాతో అన్నాడు, "ఈగలు వాల్తున్నాయి సెన్యోరా, ఆరోగ్యశాఖ వాళ్లు చూస్తే నా ఉద్యోగం పోతుంది." ఆవిడ బకెట్టు నెత్తిన పెట్టుకుని బజారు మూలకి పోయింది. అదే నెలలో స్కూలు ఆవరణలో మంచినీళ్ల కుళాయి పాడైంది. మరమ్మతు చేయిస్తామన్నారు. మా ఊరికి మూడు వైపులా నీళ్లు, వానాకాలం వస్తే మంచాల కిందకి కూడా నీళ్లొస్తాయి. అలాంటి ఊళ్లో స్కూలు కుళాయి తొమ్మిదేళ్లు పొడిగా ఉంది! కొట్లో నీళ్ల సీసా అమ్మేవాడు, కాదనను. కానీ తియ్యటి నల్ల సీసా కన్నా దాని ఖరీదే ఎక్కువ. ఎండలో ఆడొచ్చిన పిల్లకి దేని మీదకి పోతుంది చెయ్యి?

దెయనీరా ఒకటో తరగతిలో చేరినప్పుడు పుల్లలా ఉండేది. మూడో తరగతికి బుగ్గలొచ్చాయి. ఊళ్లో ఆడాళ్లంతా ముద్దులాడారు. "నీ చేతిలో ఏముందే ఒబ్దూలియా, పిల్ల వెన్నముద్దలా అయింది!" అన్నారు. మా దగ్గర బొద్దుగా ఉన్న పిల్లంటే బాగా పెరిగిన పిల్లని లెక్క. సన్నగా ఉంటే కడుపులో పురుగులున్నాయేమో చూపించమంటారు. ఒబ్దూలియా కూడా మురిసిపోయింది. స్కూల్లో ఎర్ర కారం పిండిన చిప్సు, సీసా, మళ్లీ ఇంకో సీసా. ఇంటికొచ్చాక పిల్ల బీన్స్ ముట్టుకునేది కాదు, చేప ముట్టుకునేది కాదు. "ఆకలి లేదమ్మా" అనేది. కాసేపటికి "దాహమేస్తోందమ్మా" అనేది.

ఐదో తరగతికి మగపిల్లలు పీపా అనడం మొదలెట్టారు. అదే ఏడు పిల్ల మెడ వెనక నల్లటి చార కనిపించింది. మురికి అనుకుంది తల్లి. పీచు పట్టుకుని, నిమ్మకాయా ఉప్పూ వేసి రుద్దింది. పోలేదు. మర్నాడు ఇంకా గట్టిగా రుద్దింది. "ఆడపిల్లవి, స్నానం చేసేటప్పుడు మెడ తోముకోవడం కూడా నేను చెప్పాలా?" అని కసిరింది. పిల్ల ఏడుస్తూ నిలబడేది, చర్మం ఎర్రగా కమిలిపోయేది, నలుపు మాత్రం అలాగే ఉండేది. నెలల తరబడి అలా రుద్దింది.

ఒకరోజు పిల్ల స్కూల్లో కళ్లు తిరిగి పడితే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరమ్మ జుట్టు పక్కకి తీసి మెడ చూసింది. రక్తం పరీక్ష చేసింది. "ఇది మురికి కాదమ్మా. ఒంట్లో చక్కెర ఎక్కువైతే చర్మం ఇలా నల్లబడుతుంది. పిల్లకి షుగర్ వచ్చింది" అంది.

"షుగర్ మా అమ్మకుంది. డెబ్బై ఏళ్లకి వచ్చింది" అంది ఒబ్దూలియా.

"పన్నెండేళ్లకీ వస్తోందిప్పుడు. రోజూ ఏం తాగుతుంది?"

పిల్ల చెప్పింది. ఒబ్దూలియా ఆ రోజు ఇంటికెళ్లి పీచుని పొయ్యిలో పడేసింది.

తర్వాత తల్లిదండ్రుల మీటింగు జరిగింది. మైకు పనికి నేనూ వెళ్లాను. ఒబ్దూలియా లేచి నిలబడి, ఎవర్నీ ఒక్క మాట అనకుండా, రెండే అడిగింది. కుళాయి బాగుచేయించండి. కొట్లోంచి ఆ సీసాలు తీసేయండి. ఎర్మీలో ముందు వరసలో కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. లేచాడు. నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"కొందరు తల్లులు తెల్లారకుండానే బకెట్టెత్తుకుని బజార్లో కూర్చుంటారు. ఇంట్లో పిల్ల ఏం మింగుతోందో వాళ్లకేం తెలుసు?" అన్నాడు. "నేను ఊరందరి పిల్లలకీ అమ్ముతున్నాను. అందరికీ రాని రోగం మీ పిల్లకే వచ్చిందంటే లోపం నా కొట్లో ఉందా, మీ వంటింట్లో ఉందా? ముందు మీ కుండలకి తాళం వేసుకోండి సెన్యోరా!"

జనం నవ్వారు. అందరూ కాదు, కానీ చాలామంది నవ్వారు. నవ్వనివాళ్లు ఆవిడ వైపు చూసిన చూపు ఇంకా ఘోరం. అంతకుముందు వెన్నముద్ద అని మురిసినవాళ్లే ఆ రోజు నుంచీ ఆవిడ వంట గురించి గుసగుసలు మొదలెట్టారు. ఆవిడింటికి వెళితే పిల్ల కంచంలోకి తొంగి చూసేవాళ్లు. పిల్లకి రోగం తెచ్చిపెట్టిన తల్లి అని పేరు పడింది. కష్టపడి పెంచుకున్న ఒక్కగానొక్క పిల్ల విషయంలో ఆ పేరు మొయ్యడమంటే ఏమిటో నేను చెప్పలేను.

మీటింగు అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే నా దగ్గరికొచ్చింది. కళ్లలో ఒక్క చుక్క లేదు.

"బోసీనా, విన్నావు కదా?"

"విన్నాను. వెధవ! పోనీలే, వదిలెయ్."

"వదలను. ఆ మాట వాడి నోటితోనే కక్కిస్తాను. ఈ జనం ముందే, నీ మైకులోనే" అంది.

తర్వాత ఆవిడ చేసిందంతా ఇంట్లోనే చేసింది. ఇంటికి సీసా రానివ్వలేదు. పిల్లకి డబ్బాలో బీన్సూ, ఆకుకూర వేసిన గుడ్డూ, మంచినీళ్లూ కట్టి పంపేది. పొసోల్ కూడా కొలిచి పోసేది. పిల్ల మొదట్లో గిన్నెలు విసిరికొట్టింది, మూడు వారాలు తల్లితో మాట్లాడలేదు. తర్వాత్తర్వాత అలవాటు పడింది. సాయంత్రం ఇద్దరూ చెరువు గట్టు మీద నడిచేవాళ్లు. ఒళ్లు కొంత తగ్గింది, మెడ నలుపు పల్చబడింది. చక్కెర మాత్రం పూర్తిగా దారికి రాలేదు. మాత్రలూ, పొద్దున్నే వేలికి సూదీ, తప్పలేదు. స్నేహితురాళ్లు వీధి చివర నిలబడి నవ్వుకుంటూ సీసాలు తాగుతుంటే అది తలొంచుకుని వచ్చేసేది. నేను చూశాను.

దెయనీరాకి పదిహేనేళ్లు వస్తున్నాయనగా ఒబ్దూలియా ఎర్మీలో గుమ్మం ఎక్కింది. పాత గొడవ తెలిసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. డ్రింకులకి జ్ఞానతండ్రిగా ఉండమని అడిగిందట. ఆయన మా ఊళ్లో ప్రతి పండగకీ డ్రింకుల జ్ఞానతండ్రే. క్రేట్లకి క్రేట్లు తెచ్చి పడేసి, నా మైకులో తన పేరు విని, ఉబ్బిపోయేవాడు. ఆ ఉబ్బు కోసమే ఇచ్చేవాడని నా నమ్మకం.

"చూశావా, చివరికి నా దగ్గరికే వచ్చింది" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. జ్ఞానతండ్రి అయ్యాడంటే ఇక ఆవిడకి ఆయన కొంపాద్రే, ఆయనకి ఆవిడ కొమాద్రే, వియ్యాలవారి లాంటి వరస, మధ్యలో మర్యాద తప్పకూడదు. ఆయన మీసాలు మెలేసుకుంటూ "మా కొమాద్రే" అని దీర్ఘం తీసేవాడు.

పండగ ముందు రోజు పేర్లు రాసుకోవడానికి వాళ్లింటికెళ్లాను. ఒబ్దూలియా అన్నీ చెప్పి, చివర్లో ఇంకోటి చెప్పింది. నేను కలం కింద పెట్టేశాను.

"పిల్ల నలుగురిలో నగుబాటు అవుతుందే ఒబ్దూలియా!"

దెయనీరా గోడకి ఆనుకుని గోళ్లకి రంగేసుకుంటోంది. తలెత్తకుండానే అంది, "వేలు నాది బోసీనా మామా. నేనే చాపుతాను. నువ్వు గట్టిగా చదువు, చాలు."

చర్చిలో పూజ అయ్యాక మధ్యాహ్నం జనమంతా బాస్కెట్‌బాల్ కోర్టు రేకుల షెడ్డు కిందకి చేరారు. దెయనీరా నీలం గౌనులో వచ్చింది. నేను వరసగా పిలిచాను. గౌను జ్ఞానతల్లి వచ్చింది, కిరీటం జ్ఞానతల్లి వచ్చింది, కేకు జ్ఞానతండ్రి కేకు కన్నా ముందు తన పొట్టని మోసుకొచ్చాడు. ఆఖర్న పిలిచాను, "ఇక మన ఊరి దాత, డ్రింకుల జ్ఞానతండ్రి, దోన్ ఎర్మీలో రామోన్!"

తెల్ల చొక్కా, తళతళలాడే బూట్లు. క్రేట్లన్నీ మేడకట్టి పెట్టించాడు. పిల్లని కౌగిలించుకుని ఫొటోకి పళ్లికిలించాడు. వెళ్లబోతుంటే నేను గొంతు పెంచాను.

"ఆగండాగండి! దోన్ ఎర్మీలో ఈ పిల్లకి ఒక్కదానికే జ్ఞానతండ్రి కాదు, రెండింటికి! ఆయన ఇచ్చిన రెండో కానుక కూడా అందరూ చూడాలి కదా! సూదికి జ్ఞానతండ్రి, దోన్ ఎర్మీలో రామోన్!"

ఒబ్దూలియా పళ్లెం పట్టుకొచ్చింది. మీద కుట్టుపని చేసిన తెల్ల గుడ్డ, దాని మీద చక్కెర చూసే మిషనూ, సూదులూ, దూదీ. "పిల్ల అన్నం తినాలంటే ముందు వేలికి గుచ్చి చూడాలి కొంపాద్రే. రోజూ నేనే గుచ్చేదాన్ని. ఇవాళ పండగ, తమరు గుచ్చండి" అంది. గొంతులో మర్యాద ఎక్కడా తగ్గలేదు.

దెయనీరా గౌను సర్దుకుని వేలు చాపింది. ఎర్మీలోకి కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. కానుక ఇమ్మని పిలిచాక పారిపోయే దారి లేదు. సూది పట్టుకున్నాడు, మొదటిసారి జారింది, రెండోసారి గుచ్చాడు. పిల్ల కళ్లు కూడా మూయలేదు. మిషన్ మీద అంకె చూసి నేను మైకులో చదివాను. రెండు వందల నలభై.

వెనక నుంచి ఎవడో అరిచాడు, "దోన్ ఎర్మీలోకి కూడా గుచ్చండి!"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో ఆయనకి ఊపిరొచ్చింది. నిజంగానే ఆ మాట పట్టుకున్నాడు. ఇది మేమెవ్వరం అనుకోలేదు.

"గుచ్చండి! నేనేం భయపడతానా?" అని వేలు చాపాడు. "ముప్పై ఏళ్లుగా వాటి మధ్యే బతుకుతున్నాను. చూద్దాం, సీసాలో విషముంటే నాకే ముందు ఎక్కాలి కదా!"

ఒబ్దూలియా కొత్త సూది తీసి గుచ్చింది. ఆవిడ సూది జారలేదు. తొంభై నాలుగు.

"చూశారా!" అని నా మైకు లాక్కున్నాడు. "తొంభై నాలుగు! గుర్రంలా ఉన్నాను! అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను, లోపం సీసాలో లేదు!"

ముందు బల్ల దగ్గర ఆయన భార్య దోన్యా నెరేయ్దా కూర్చుంది. మంచి మనిషి, మొగుడంటే ప్రాణం. గర్వంతో ఆవిడ మొహం వెలిగిపోయింది. పక్కావిడతో చెబుతున్నాననుకుంది గానీ, మైకు దగ్గర్లోనే ఉండటంతో అందరికీ వినపడింది.

"ఎందుకొస్తుంది చెప్పు? పెళ్లయినప్పట్నుంచీ ఆ సీసా మా గడప తొక్కితే ఒట్టు. ఈయన తాగడు, మా పిల్లల్నీ ముట్టుకోనివ్వలేదు. పళ్లు పుచ్చిపోతాయి, ఒళ్లు పాడవుతుంది అనేవాడు. మా ఇంట్లో పొద్దున్నే పొసోలే, అదీ చక్కెర లేకుండా..."

అంతవరకూ వచ్చాక చుట్టూ చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెనక వరసలోంచి ఒక ఈల వినపడింది. ఐదు స్వరాల ఈల, నోరు విప్పకుండా తల్లిని తిట్టే ఈల. మా దేశంలో మూడేళ్ల పిల్లాడికి కూడా దాని అర్థం తెలుసు. ఇంకో మూల నుంచి ఇంకోటి. తర్వాత షెడ్డు మొత్తం ఈలే. ఫాదరు గారున్నారని కూడా చూడలేదు జనం. ఆడవాళ్లు బల్లల మీద సీసాలు ఎత్తి క్రేట్లలో పెట్టేస్తున్నారు. "మా పిల్లలకి మాత్రం చక్కగా అమ్మావు కదయ్యా!" అని అరిచిందొకావిడ. ఆ రోజు మీటింగులో అందరికన్నా పెద్దగా నవ్వింది ఆవిడే.

ఒబ్దూలియా చెయ్యెత్తింది. ఈలలు ఆగాయి.

"కొంపాద్రే, ఆ రోజు మైకులో ఒక మాటన్నారు. గుర్తుందా?"

"గుర్తుంది కొమాద్రే" అన్నాడు నేల చూస్తూ.

"వెనక్కి తీసుకోండి."

"లోపం... తల్లిది కాదు."

"మైకు దగ్గరగా పెట్టుకోండి. వెనక వాళ్లకి వినపడలేదు."

"లోపం తల్లిది కాదు! నాది!"

నాకు ఒళ్లు పులకరించింది, దాచుకోను. మూడేళ్ల కసి తీరింది అనుకున్నాను. ఎర్మీలో మైకు నాకిచ్చి, జనం మధ్యలోంచి దారి చూసుకుంటున్నాడు. అప్పుడు దెయనీరా గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని వెళ్లి ఆయనకి అడ్డంగా నిలబడింది. ఇది తల్లి నేర్పింది కాదు. ఒబ్దూలియా మొహంలోనే ఆశ్చర్యం చూశాను.

"ఎక్కడికి పద్రీనో?" అంది, జ్ఞానతండ్రిని పిలిచే పిలుపుతోనే. "చిన్నప్పుడు మీ కొట్టు ముందు నిలబడితే మీరే పిలిచి ఇచ్చేవాళ్లు. డబ్బుల్లేవంటే, ఫరవాలేదు తల్లీ రేపివ్వు అనేవాళ్లు. మీరు చాలా మంచివాళ్లనుకున్నాను. మీరంటే నాకు ఎంతో ఇష్టంగా ఉండేది."

ఆయన పక్క నుంచి పోబోతే మళ్లీ అడ్డం వచ్చింది.

"మీరు సూదికి జ్ఞానతండ్రి. జ్ఞానతండ్రి పని ఒక్క రోజుతో అయిపోదని పొద్దున ప్రసంగంలో చెప్పారు కదా. అవునా ఫాదర్?"

ఫాదరు నోటి నిండా మొక్కజొన్న తమాలే ఉంది. తలూపారు.

"అయితే రేపు పొద్దున ఆరింటికి మా ఇంటికి రండి. స్కూలుకెళ్లే ముందు గుచ్చాలి. రోజూ" అంది.

వచ్చాడు. రాక చస్తాడా? ఊరందరి ముందు ఒప్పుకున్న జ్ఞానతండ్రి మాట తప్పితే, ఆ మనిషిని మా ఊళ్లో ఇంకే పండక్కీ పిలవరు, చావుకి కూడా పోరు. ఆ నెల మీటింగులో కొట్టు పోయింది. కుళాయి బాగు చెయ్యడానికి మేస్త్రీకి ఒక్క పూట పట్టింది. ఒక్క పూట పనికి తొమ్మిదేళ్లు! ఒబ్దూలియా మళ్లీ గేటు దగ్గర బకెట్టు పెట్టుకుంది. హెడ్మాస్టరుకి ఇప్పుడు ఈగలు కనపడటం లేదు.

ఇదంతా జరిగి రెండేళ్లు కావస్తోంది. పొద్దున్నే నేను బ్రెడ్డుకి వెళుతూ చూస్తాను. ఎర్మీలో వాళ్ల చూరు కింద నిలబడి ఉంటాడు. మీసాలు తెల్లబడ్డాయి, భుజాలు వంగాయి. వానొచ్చినా గొడుగేసుకుని వస్తాడు. పిల్ల వచ్చి వేలు చాపుతుంది, గుచ్చుతాడు, అంకె చదువుతాడు, వెళ్లిపోతాడు. మొన్న నాకే జాలేసింది. చెప్పాను కదా, నా కోపం పావుగంటది.

"కాళ్లనొప్పులట ఆయనకి. ఒక కుర్చీ వేస్తే నీ సొమ్మేం పోయింది ఒబ్దూలియా?" అన్నాను.

రుబ్బుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది. "వేస్తాను. పిల్లకి సూది అక్కర్లేని రోజు వేస్తాను."